గేదె ముట్టని చీరలు

వైశాఖమాసపు ప్రాతఃకాలమున తాటితోపుల మీదుగా సముద్రపుగాలి మెల్లన వీచుచుండ, నీరెండ సోకి పసిడివన్నె దాల్చవలసిన పంటకాలువ, ఎగువనున్న రంగుల కార్ఖానా విడిచిన మురుగుచేత ఎఱ్ఱని నురుగు గ్రక్కుచు కుళ్లుకంపు కొట్టుచు పారుచుండెను. ఆ కంపును వర్ణించుటకు రోతగానున్నది. అయినను తప్పదు. ఏలయన ఆ కార్ఖానాకు యజమాని, భూమాతను రక్షించు వస్త్రములు నావేయని ఊరూర చాటుకొను విక్రాంతబాబు.

ఆ కాలువగట్టున నలువదియేండ్లుగా కలంకారీ అద్దకము చేయు నాంచారయ్య నివసించుచుండెను. కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో బట్టను నానవైచి యెండనార్చి పిమ్మట చెక్క అచ్చులతో అద్దుట ఆతని పనితీరు. పాలు పీల్చిన బట్ట కంటబడినచో ఆతని గేదె గౌరి నమలక విడువదు. కావున బట్టలారు దినమున దానిని దూరముగా కట్టివేయుట ఆ యింటి ఆచారము. కాలువ చెడిన పిదప బట్టలుతుకుటకు నీరు లేక పని మూలబడెను. ఆతనికి మిగిలినది మంచిపేరొక్కటే.

ఆ పేరునుగూడ కాజేయనెంచి విక్రాంతబాబు, తన కార్ఖానాలో యంత్రములద్దిన చీరలను నాంచారయ్య దండెములపై వరుసగా వ్రేలాడదీయించి, తెలుగు తెలియని విదేశీ వర్తకులను నలువురను వెంటబెట్టుకొని వచ్చి, ఇవి పాలలో నాని యారుచున్న చేతిపని వస్త్రములని వారికి విన్నవించెను.

"పెద్దాయనా, నావేనని ఒక్కసారి తల ఊపు చాలు. ఏడాది పొడుగునా పనిస్తాను," అని ముసలివాని చెవిలో నూదెను.

నాంచారయ్య తల యూపలేదు. "ఇయ్యి నాయి కాదు బాబూ. మీ కార్ఖానాలో అచ్చేసినయ్యి. ఆ మురుగే మా కాలవని చంపేసింది," అని అందఱు వినునట్లు పలికెను.

సిగ్గుమాలిన విక్రాంతబాబు చిఱునవ్వు చెదరనీయక, ఈ వృద్ధుడు కాలువను కన్నతల్లిగా కొలుచుచున్నాడని వారి భాషలో చెప్పెను. అతిథులు కన్నులొత్తుకొని నమస్కరించిరి. ఛీ, ఇంతకంటె హేయమైన మాట పుట్టునా?

తన పలుకు వారికి చేరలేదని ఆ నమస్కారములవలననే నాంచారయ్య గ్రహించెను. దండెము చివర, బావినీటితో ఉతికి పాలలో నానవైచి ఎన్నాళ్లకో సిద్ధపఱచుకొన్న ఆతని సొంతబట్ట యొక్కటి యారుచుండెను. ఆతడు దానివంక ఒకమారు చూచి, పోయి గేదె పలుపు విప్పెను.

"గౌరీ, నువ్వన్నా చెప్పవే తల్లీ."

గౌరి మొదటి చీరను మూర్కొని బుస్సుమనెను. రెండవదానిని, మూడవదానిని అట్లే విడిచి, వరుసయంతయు దాటి, చివరి బట్టను నోటగఱచి నమలసాగెను. ముసలివాని కన్నులు చెమర్చినను అడ్డుకొనలేదు. ఆ సాక్ష్యమునకు దుబాసీతో పని లేదని ఆతని నమ్మకము.

కాని విక్రాంతబాబు, మా వస్త్రములను పశువులు సైతము ప్రేమించునని యెలుగెత్తి చాటెను. అతిథులు చప్పట్లు చఱచి గేదెకు ఫొటోలు తీసికొనిరి.

నెల తిరుగకమున్నె ఆ చీరలే పట్టణపు అద్దాల అంగళ్లకెక్కెను. వాని చీటీలపై నాంచారయ్య పేరు లేదు. గౌరి మొగమున్నది, దాని క్రింద "పాలవలె స్వచ్ఛము" అని యున్నది. బందరు సంతకు పోయిన ఆతని భార్య రత్తమ్మ అట్టి చీటీ నొకదానిని తెచ్చి మగని చేతబెట్టెను. నాంచారయ్య దానిని త్రిప్పి త్రిప్పి చూచి, కొట్టములోనికి పోయి గేదె ముందుంచెను.

గౌరి తన బొమ్మను మూర్కొని, బుస్సుమని, మొగము త్రిప్పుకొనెను.