ఇంకా పుట్టని అత్తగారు

మా అత్తగారు ఇంకా పుట్టలేదని వీసా ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది. ఉత్తరం మర్యాదగానే ఉంది. దరఖాస్తుదారు పుట్టిన సంవత్సరం 2497 అని మీరే రాశారనీ, ఆ సంవత్సరం రావడానికి ఇంకా నాలుగు వందల డెబ్బయి చిల్లర ఏళ్ళు పడుతుందనీ, పుట్టనివారికి వీసా ఇచ్చే పద్ధతి తమ దగ్గర లేదనీ అందులో ఉంది. కింద సంతకం, ముద్ర ఉన్నాయి. ముద్ర సరైన చోటే వేశారు.

నేను మా ఊళ్ళో రిజిస్ట్రారు ఆఫీసు గేటు పక్కన కూర్చుని పదకొండేళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి. ఒక్క కొట్టివేత ఉండేది కాదు. దస్తావేజు చివర, సాక్షుల సంతకాల కింద, రాసినవాడి పేరు ఉండి తీరాలి. పితాని సత్యలింగం అనే నా పేరు అలా కొన్ని వేల కాయితాల అడుగున ఉంది. అలాంటివాణ్ణి ఈ చలిదేశం వచ్చి, చేపల షెడ్డులో పనికి కుదిరి, నా పక్కనే నిలబడి చేపల తలలు కోసే దావ్‌ని పెళ్ళి చేసుకుని, ఆమె తల్లికి వీసా ఫారం నింపబోయి ఈ తప్పు చేశాను. దావ్ వాళ్ళ థాయ్‌లాండ్‌లో బుద్ధుడు చనిపోయిన ఏడాది నుంచి లెక్క పెడతారు. వాళ్ళ సంవత్సరం మన సంవత్సరం కంటే ఐదు వందల నలభై మూడు ముందు ఉంటుంది. ఇంట్లోవాళ్ళ పుట్టుకలు రాసి అక్కడి సర్కారు ఇచ్చే అత్తగారి ఇంటి పుస్తకంలో ఉన్న అంకెను ఉన్నది ఉన్నట్టు దించేశాను. నాకు చాలా సిగ్గుగా ఉంది.

దావ్ ఉత్తరాన్ని రెండుసార్లు చదువుతుంది. ఆమె తెలుగు నా దగ్గరే నేర్చుకుంది కనుక మా గోదావరి యాసే పట్టుబడింది.

"మా అమ్మ పుట్టలేదంటే మరి పాప నాదని ఎవరంటారండి?" అని అడుగుతుంది.

దావ్ వాళ్ళ ఊరు మేకాంగ్ నది ఒడ్డున ఉంది. అక్కడ బిడ్డ పుట్టిన నాలుగో రోజున చేటలో పడుకోబెడతారు. ఒక పెద్దావిడ ఆ చేటను చెరిగినట్టు మెల్లగా ఊపుతూ, ఈ బిడ్డ ఎవరిది అని మూడుసార్లు అడుగుతుంది. అమ్మమ్మ ముందుకొచ్చి, నాది, అని ఎత్తుకుంటుంది. అప్పటిదాకా ఆ బిడ్డ మనుషుల బిడ్డ కాదు, కంటికి కనపడనివాళ్ళ సొత్తు. పేరు కూడా పెట్టరు. మన దగ్గరా పురిటిబిడ్డను చేటలో వేయడం ఉంది కనుక ఇది నాకు కొత్తగా అనిపించలేదు. మా పాప పుట్టి నలభై రోజులైంది. చేట ఉంది, పాప ఉంది, అత్తగారు లేరు.

పాప రోజురోజుకూ తేలికైపోతోంది. పాలు బాగానే తాగుతుంది. చేపలు తూచే కాటా మీద చేటతో సహా పెడితే నిన్న ఉత్త చేట బరువే చూపించింది. ఇవాళ అంతకంటే కొంచెం తక్కువ చూపిస్తోంది. కిటికీ తీసినప్పుడు లేచిపోకుండా దుప్పటికి నాలుగు మూలలా కందిపప్పు ప్యాకెట్లు పెట్టాను. డాక్టరు వచ్చి, బరువొక్కటి తప్ప అంతా బాగుందని చెప్పి వెళతాడు.

సాయంత్రం అత్తగారికి వీడియో కాల్ చేస్తాం. ఆవిడ పేరు బున్‌మా. జుట్టు మొన్నటిదాకా ముగ్గుబుట్టలా ఉండేది, ఇవాళ నల్లగా ఉంది. ముడతలు లేవు. వక్కాకు నమిలి నమిలి ఎర్రబడిన పళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. అదే ఆవిడకు నచ్చలేదు, అంత కష్టపడి ఎర్రచేసుకున్న పళ్ళని దావ్‌తో విసుక్కుంటారు. తర్వాత నావైపు చూసి ఒక్క మాట చెబుతారు. దావ్ దాన్ని తెలుగులో చెబుతుంది.

"నేను పుట్టానని వాళ్ళకి చెప్పు నాయనా. ఆ రోజు వర్షం కూడా పడింది."

మర్నాడు వీసా ఆఫీసుకు వెళతాను. గుమ్మం నుంచి కౌంటరు ఇరవై అడుగుల దూరంలో కనిపిస్తుంది. నడిచేకొద్దీ హాలు సాగుతుంది. దారిలో రెండుసార్లు కూర్చుని, తెచ్చుకున్న పెరుగన్నం తిని, మళ్ళీ నడుస్తాను. టోకెను ఇచ్చేచోట నాకు టోకెను అక్కర్లేదంటారు. తప్పు దిద్దించుకునేవాళ్ళకు వరస లేదట, ఎందుకంటే ఇక్కడ దిద్దరు.

కౌంటరులో ఒక పెద్దావిడ ఉంది. చీర మీద మగవాళ్ళ స్వెట్టరు వేసుకుంది. ఆవిడా మా వైపు యాసలోనే మాట్లాడుతుంది. ఇంత దూరంలో మన మాట వినబడితే ప్రాణం లేచొస్తుంది, తప్పు ఎలా జరిగిందో అంతా చెప్పేస్తాను.

"ఐదు వందల నలభై మూడు తీసేస్తే సరిపోద్దండి," అంటాను.

"తీస్తాం కానండి, తీసినయ్యన్నీ ఎక్కడ పెట్టమంటారు? అన్నేళ్ళు పెట్టడానికి ఇక్కడ జాగా లేదు." ఆవిడ వెనక బీరువాలు చూపిస్తుంది. నిజంగానే అన్నీ నిండి ఉన్నాయి.

వచ్చినావిడ తిరిగి వెళ్ళిపోతుందని రుజువేమిటని అడుగుతుంది. నేను ఈ ప్రశ్నకు సిద్ధమయ్యే వచ్చాను. ఊళ్ళో మూడెకరాల వరిపొలం ఉందనీ, కోతల వేళకు ఆవిడ అక్కడ లేకుండా ఉండరనీ చెప్పి పొలం కాయితం ముందు పెడతాను.

"పుట్టని మనిషికి పొలం ఏటండి?" అని ఆవిడ కాయితం మీద అడ్డంగా గీత కొడుతుంది. కోపమేమీ లేదు, పద్ధతి ప్రకారమే కొడుతుంది.

ఇంటికొచ్చి ఫోన్ చేస్తే అత్తగారి వెనక పొలం లేదు. పొలం ఉండాల్సినచోట తెల్లగా, ఖాళీగా ఉంది. అత్తగారికి ఇరవై ఏళ్ళుంటాయి. జడ వేసుకుని, చేయాల్సిన పని ఏదో మర్చిపోయినట్టు అటూ ఇటూ చూస్తున్నారు. దావ్‌కి ముప్పయి రెండు. నిన్న అమ్మా అన్న మనిషిని ఇవాళ చెల్లీ అనాలా అని నన్నడుగుతుంది. దస్తావేజుల్లో ఇలాంటిది నాకు తగల్లేదు.

ఆ వారం నుంచి దావ్ నడిచినా మంచు మీద అడుగులు పడవు. షెడ్డులో హాజరు చీటీల వరసలో ఆమె చీటీ ఉండదు. ఆమె కోసిన చేపలకు తలలు ఉంటాయి. తల్లి పుట్టకుండా కూతురు ఉండడం కుదరదు కదా, అందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. తప్పు పట్టాలంటే నన్నే పట్టాలి. దావ్ ఆ మాట ఒక్కసారి కూడా అనదు, అంటే బాగుండును.

ఒక ఉదయం పాపకు పాలు పట్టి, కందిపప్పు ప్యాకెట్లు సరిచేసి, తలుపు దగ్గర కోటు తగిలించి నా వైపు తిరుగుతుంది.

"నేను పుట్టేసరికి ఆలస్యమవుద్దండి. మీరు తినేయండి," అంటుంది.

కోటు కొక్కానికి ఉంది. దావ్ లేదు. నాకు ఏడుపొస్తుంది, ఏడుస్తాను. తర్వాత లేచి పాపకు మళ్ళీ పాలు కలుపుతాను. అన్నం మాత్రం వండను.

రెండో ఉత్తరం వస్తుంది. దరఖాస్తుదారు ప్రస్తుతం మాటలు రాని వయసుకు చేరుకున్నారనీ, మాటలు రానివారికి వీసా అక్కర్లేదనీ, దరఖాస్తు మూసేస్తున్నామనీ రాశారు. అదే రోజు మధ్యాహ్నం షెడ్డుకు వచ్చిన చేపల పెట్టెల్లో ఒకదాంట్లో, ఐసు మీద పరిచిన అరటాకులో, మా అత్తగారు ఉన్నారు. గుప్పిళ్ళు మూసుకుని నిద్రపోతున్నారు. చుబుకం మీద పుట్టుమచ్చ ఆవిడదే. పొత్తిళ్ళలో ఉన్నా అత్తగారు అత్తగారే కనుక, వంగి నమస్కారం పెట్టి ఎత్తుకుంటాను.

చేటలో పాప పక్కన పడుకోబెడతాను. ఇద్దరినీ కలిపి తూస్తాను. కాటా మీద ముల్లు కదలదు.

వచ్చారు, చివరికి వచ్చారు, అన్నది ఒక్కటే నాకు సంతోషం. ఇక చేట ఊపి అడగడానికి ఒక పెద్దావిడ కావాలి. ఈ దేశంలో నాకు తెలిసిన పెద్దావిడ ఒక్కరే. చేటను నెత్తిన పెట్టుకుని వీసా ఆఫీసుకు బయల్దేరతాను. గాలికి చేట నెత్తిమీద నుంచి బెత్తెడు పైకి లేస్తుంటే రెండు చేతులా పట్టుకుని నడుస్తాను. హాలు ఈసారి సాగదు. గుమ్మంలో అడుగు పెడితే కౌంటరు నా గుండెకు తగులుతుంది.

సంగతంతా చెబుతాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, చేట అందుకుంటుంది. ఆ పట్టుకునే తీరులోనే తెలుస్తుంది, చిన్నప్పుడు చాలా ధాన్యం చెరిగిన చెయ్యి అది. నాకు కొంచెం ధైర్యం వస్తుంది.

"ఈ బిడ్డ ఎవరిదండి?" అని అడుగుతుంది.

తండ్రి జవాబు చెప్పకూడదు. అత్తగారి వైపు చూస్తాను. అత్తగారు హాల్లో పైన వెలుగుతున్న దీపం వైపు చూస్తున్నారు.

"ఈ బిడ్డ ఎవరిదండి?" ఆవిడ చేట ఎగరేసి పట్టుకుంటుంది. కౌంటరు మీది ఫారాలు పైకి లేస్తాయి. పొలం కాయితం లేస్తుంది, నా టోపీ లేస్తుంది. ఆ తర్వాత నా కాళ్ళు నేలను వదిలేస్తాయి. నేను నింపిన వీసా ఫారంలో రాసినవాడి పేరుకు గడి లేదు. నేను వెతికాను, ఎక్కడా లేదు. పట్టుకుని ఉండటానికి ఏమీ లేక, తాలు గింజలా మెల్లగా కప్పు దాకా వెళతాను.

కప్పుకు వేల ఫారాలు అంటుకుని ఉన్నాయి. వాటి మధ్య, షెడ్డు ఆప్రాను కట్టుకుని, దావ్ ఉంది. వచ్చి చాలా రోజులైనట్టుంది, జుట్టు నిండా పొట్టు.

"తిన్నారా?" అని అడుగుతుంది.

లేదంటాను. ఆమె నా చెయ్యి పట్టుకుంటుంది. చెయ్యి చల్లగా, బరువు లేకుండా ఉంది. ఇద్దరం కిందికి చూస్తాం.

కింద ఆవిడ మూడోసారి అడుగుతుంది. నియమం తెలిసి కూడా మేమిద్దరం ఒక్కసారే, మాదండి, అంటాం. మా మాట కింద పొట్టు రాలుతున్న చప్పుడుగా వినిపిస్తుంది. ఆవిడ స్వెట్టరు దులుపుకుని, కలం తీసి, రాయడానికి సిద్ధమవుతుంది.

అప్పుడు చేటలో అత్తగారు మా పాప మణికట్టు గట్టిగా పట్టుకుని నోరు తెరుస్తారు. హాల్లో వరసలో ఉన్నవాళ్ళంతా వంగి చూస్తారు. నోట్లో పన్ను లేదు, మాట లేదు. చాలా లోపల మూడెకరాల వరిపొలం ఉంది, కోతకు వచ్చి ఉంది, వర్షం పడుతోంది. గట్టు మీద ఎర్రపళ్ళ ముసలావిడ ఒకరు, జవాబు చెప్పడానికి, ఇటువైపే నడిచి వస్తున్నారు. ఆవిడ గబగబానే నడుస్తున్నారు. ఇంకా నాలుగు వందల డెబ్బయి చిల్లర ఏళ్ళ దూరంలో ఉన్నారు.