మూడు షిఫ్టుల నీళ్లతొట్టి

మా తమ్ముడు మధుబాబు చేపల వేటకెళ్లి సముద్రంలో పోయాడని కబురు వచ్చిన రోజు నేను గుమ్మడిదల బళ్లో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాను. బోటు తిరగబడిందనీ, నలుగురిలో ముగ్గురు దొరికారనీ కాకినాడ నుంచి మేనమామ ఫోన్ చేశాడు. మూడో రోజు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. లైఫ్ జాకెట్ పట్టీలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. విప్పి ఇసుకలో పెడితే, తడిసిన పరుపులా దానిలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

ఆ జాకెట్ తయారైంది ఇక్కడే, మా బడికి దగ్గర్లోని పాశమైలారంలో, ఒక కంపెనీలో. దాని లోపలివైపు కుట్టిన తెలుగు సూచనలు రాసింది నేను. కంపెనీ సూపర్‌వైజర్ నరేష్ కూతురు నా దగ్గర చదివింది. జాలర్లకు అర్థమయ్యేలా రాసిమ్మని ఆయన అడిగాడు. పట్టీ ఎలా బిగించాలో, ఈల ఎప్పుడు ఊదాలో రాశాను. 'ఈ జాకెట్ మిమ్మల్ని ఇరవై నాలుగు గంటలు నీటిమీద నిలుపుతుంది' అని రాసేముందు, నిజమేనా అని అడిగాను. పరీక్ష కాగితం చూపించాడు. రాశాను.

బోటుకి జాకెట్లు చేరిన రోజు మధు ఫోన్ చేశాడు.

"అక్కా, బళ్లో పిల్లలు చాల్లేదా? నా గుండెల మీదెక్కి కూడా పాఠం చెబుతున్నావ్?"

"ముందు పట్టీ బిగించుకోరా."

"నువ్వు రాశావనే కట్టుకుంటున్నా. లేకపోతే ఈ ఉక్కలో ఎవడు కడతాడే?"

బోటు మునిగాక అందరికీ తలో ఖాళీ డీజిల్ క్యాను దొరికిందట, వంటవాడికి తప్ప. "నాకు జాకెట్ ఉందిగా" అని మధు తన క్యాను అతనికిచ్చేశాడని బోటు నడిపే సరంగు చెప్పాడు. పదకొండు గంటలు అందరితో మాట్లాడుతూనే ఉన్నాడట. తర్వాత గడ్డం నీళ్లలోకి దిగిందట. వేరే బోటు వచ్చేసరికి పంతొమ్మిది గంటలయింది.

కర్మకాండ ముగిశాక కంపెనీకి వెళ్లాను. నరేష్ పరీక్ష షెడ్డు చూపించాడు. సిమెంటు తొట్టిలో నీళ్లు పచ్చగా, నురగ కట్టి ఉన్నాయి. అంచు పొడవునా గుట్కా ఉమ్ములు. పని చూసే మొగులయ్యను, జాకెట్‌ను ఎంతసేపు నానబెడతారని అడిగాను.

"షిఫ్టుకొకటి ఏస్తం మేడమ్. ఎన్మిది గంటలు గాంగనే జాకెట్ తీసి, తొట్టి అప్పజెప్పాలె. ఒక షిఫ్టు సామాను ఇంకో షిఫ్టోళ్లు ముట్టరు."

"అంటే ఒక్కో జాకెట్ ఎనిమిది గంటలే కదా?"

"మూడు షిఫ్టులు గల్పితే ఇరవై నాలుగు గాదా? టీచరమ్మకు ఎక్కాలు రావా ఏంది?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. అతను దాచడం లేదు. దాచవలసిందేదో ఉందని అక్కడ ఎవరికీ తోచలేదు. నరేష్ టీ తెప్పించాడు. టీ ముట్టకుండా, ఒక జాకెట్ అడిగి తీసుకుని వచ్చేశాను.

ఆదివారం పొద్దున ఆరింటికి దానికి రెండు ఇటుకలు కట్టి ఇంట్లో నీళ్ల డ్రమ్ములో వేశాను. మధ్యాహ్నం దాకా తేలింది. సాయంత్రం ఐదింటికి అడుగున ఉంది. ఫోన్లో ఫొటో తీశాను.

మర్నాడు నరేష్‌కు ఫొటో చూపించాను. ఫోన్ వెనక్కిచ్చాడు.

"మీరు చెప్పింది కరెక్టే సుమిత్ర మేడమ్. కొత్త మాలుకు 'ఎనిమిది గంటలు' అని మార్చి రాసియ్యండి. జెర జల్దీ, బుధవారం బండి పోతది."

"అమ్మినవి వెనక్కి తెప్పించరా?"

"అమ్మినయి ఎట్ల తెస్తం మేడమ్? సముద్రమంత తిరుగుతమా? పరేషాన్ గాకుండ్రి. మీ తెలుగు మస్తుంటది, మీరే రాయాలె."

నా ముందు కాగితం, పెన్ను పెట్టాడు. మా తమ్ముడి శవాన్ని చూసినప్పుడు కూడా నాకు అంత అసహ్యం వేయలేదు. నా చేతిని చూసుకున్నా అదే అసహ్యం. ఏమీ రాయకుండా లేచి వచ్చేశాను.

అధికారులకు మూడు ఉత్తరాలు పంపాను. జవాబు లేదు. ఆ జాకెట్లు పదకొండు గంటలకే మునుగుతాయని రేవులో అందరికీ చెప్పమని మామయ్యను అడిగాను. చెప్పాడు.

"వింటున్నారే అమ్మా. ఇవి విప్పేస్తే ఏం కట్టుకోవాలని అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

ఆ సరుకులో వెళ్లినవి మూడు వందల అరవై. మధుబాబుది పోలీసుల దగ్గర ఉంది. మిగిలిన మూడు వందల యాభై తొమ్మిదీ ఇంకా బోట్ల మీదే ఉన్నాయి.