పొగొస్తే తలుపు తియ్

సూరత్ పక్కనున్న సచిన్‌లో బ్యాటరీల పనికి ఒప్పుకున్ననాడు నా చేతిలో ఉన్నది పన్నెండు మంది మనుషులు, వాళ్ళు నమ్మే ఒక్క మాట. పెట్టుబడి అంతే. లేబర్ కాంట్రాక్టర్‌కు అంతకుమించి అక్కర్లేదు.

ఆ మాట నాకు సూరత్‌లోని లింబాయత్ పేటలో దొరికింది. పద్నాలుగేళ్ళ కిందట అక్కడ ఒక మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాణ్ణి. ఒక పొద్దున మగ్గాల కింద పేరుకున్న నూలు పీచు అంటుకుంది. షటర్ దించి ఉంది, లోపల ఎనిమిది మందిమి. అందరూ సరుకు లాగాలని చూస్తుంటే నేను పోయి షటర్ ఎత్తాను. ఎనిమిది మందిమీ బతికాం. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ మొదటిరోజే చెప్పేవాణ్ణి: "పొగ కనవడ్తె మాలు జూడకు, సేటును పిల్వకు. ముందుగాల తలుపు తియ్." మా దిక్కు వాళ్ళు సూరత్‌లో దిగగానే నన్ను వెతుక్కుంటూ వచ్చేది ఆ షటర్ వల్లే. పేరు కూడా సరుకే. ధర పలుకుతుంది.

మగ్గాలు ఒక్కొక్కటే మూతపడుతున్నప్పుడు ఈ పని దొరికింది. సచిన్ అవతల ఖాళీ నేలలో నలభై ఇనుప డబ్బాలు, ఒక్కొక్కటి లారీ అంత. ఎండపూట కరెంటు దాచుకుని పొద్దుగూకాక ఇచ్చే బ్యాటరీలు వాటి నిండా. కేబుళ్ళు లాగడం, బోల్టులు బిగించడం మా వంతు.

సేఫ్టీ ఆఫీసర్ ధవల్ మొదటిరోజే గేటు దగ్గర ఆపాడు. ప్రతి మనిషీ రెండు రోజులు శిక్షణలో కూర్చోవాలన్నాడు. పనికి ఉన్న గడువే ఎనిమిది రోజులు. పన్నెండు మందిని రెండు రోజులు కూర్చోబెడితే పని అందదు.

"మావాళ్ళకు హిందీ సగమే వస్తుంది భాయ్. నేను తెలుగులో చెప్పి సంతకాలు తెస్తా," అన్నాను.

"పోనీ మీరైనా వచ్చి కూర్చోండి," అన్నాడు.

వస్తానన్నాను. వెళ్ళలేదు. ఉన్ అనే పేటలో నా గదిలో కూర్చుని, శిక్షణ తీసుకున్నామన్న కాగితం మీద పన్నెండు సంతకాలూ నేనే పెట్టాను, అనుమానం రాకుండా మూడు పెన్నులతో, కొన్ని ఎడమచేత్తో.

మర్నాడు ముసలి బుచ్చిరాములు నన్ను పట్టుకున్నాడు. "ఏందన్నా, మనకు క్లాసు లేదా? జర ఏసీల కునుకు తీద్దామనుకుంటి."

"నీకిప్పుడు సదువెందుకే, పెండ్లి పిల్ల దొరికిందా?"

అందరూ నవ్వారు. నా భార్య తమ్ముడు సంపత్ మాత్రం ఆ డబ్బాల వంక చూస్తూ అడిగాడు. "బావా, స్విచ్ బంద్ జేస్తె దీంట్ల కరెంటు బందైతదా?"

"బంద్ జేస్తె మగ్గం సాంచ ఆగదా? గిది గూడ గంతే."

అదీ తప్పే. స్విచ్ ఆపినా బ్యాటరీలో కరెంటు ఉంటుంది. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు నాకు లేదు.

ఆరోరోజు మధ్యాహ్నం గేటు దగ్గర టీ తాగుతున్నాను. పంతొమ్మిదో డబ్బా నుంచి అలారం మోగింది. తలుపు సందుల్లోంచి తెల్లటి పొగ. మావాళ్ళు నా వైపు పరుగెత్తుకొచ్చారు. తలలు లెక్కపెట్టాను. బుచ్చిరాములు లేడు. పొద్దున ఆ డబ్బాలోనే కేబుల్ లాగాడు. అందరికన్నా వెనక వస్తున్న సంపత్ ఆ డబ్బాకు దగ్గర్లో ఉన్నాడు. ఆగి నా వంక చూశాడు.

"తలుపు తియ్‌రా సంపత్! ముసలోడు లోపలున్నడు!" అని అరిచాను.

అవతలి పక్కనుంచి ధవల్ చేతులు ఊపుతూ పరుగెత్తుతున్నాడు. "మత్ ఖోలో! దర్వాజా మత్ ఖోలో!"

తెరవొద్దంటున్నాడని సంపత్‌కు అర్థమయ్యే ఉంటుంది. రెండు మాటలూ విన్నాడు. నా మాట తీసుకున్నాడు.

తలుపు తెరుచుకోవడం చూశాను. ఆ తర్వాత చప్పుడు. ఆ తలుపు మా మీదుగా ఎగిరి రోడ్డు అవతల పడింది.

గోడ వెనక పాయఖానా నుంచి బుచ్చిరాములు బొందు కట్టుకుంటూ వచ్చాడు. "ఏమైందే?" అన్నాడు.

తర్వాత ధవల్ చెప్పాడు. లోపల నిండేది మగ్గాల పొగ కాదు, మండే వాయువు. బయటి గాలి తగిలితే పేలుతుంది. తలుపు ముట్టకుండా దూరం జరగాలి. శిక్షణలో మొదటి గంటలో చెప్పేది అదేనట.

కంపెనీ మేనేజర్ నన్ను పిలిచి కాగితం ముందుపెట్టాడు. అందులో రాసింది ఇదీ: శిక్షణ పొందిన కార్మికుడు నియమం మీరి తలుపు తెరిచాడు. కింద నేను సాక్షి. "ఇన్సూరెన్స్ ఎలాగూ వస్తుంది. తర్వాతి సైట్‌కు అరవై మంది కావాలి," అన్నాడు. ఎటు తిప్పి చూసినా ఎవరికీ నష్టం కనబడలేదు. ఇంట్లోవాళ్ళకు చూపి సంతకం చేస్తానని కాగితం జేబులో పెట్టుకున్నాను.

సంపత్ భార్య విజయరాణి దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

"అన్నా, ఆయన గంత మొండోడా? వద్దన్న పని జేసెటోడా?"

"కాదు చెల్లే."

"మరి తెలిసి తీసిండా, తెల్వక తీసిండా? పైసలు అడుగుతలేను. ఆయన పానం ఆయనే తీసుకున్నడని రాసిన్రు. గది నిజమా?"

గోడకు ఆనుకుని కూర్చున్న బుచ్చిరాములు తల ఎత్తలేదు. నా అరుపు పదిమంది విన్నారు. ఒక్కడూ నోరు విప్పలేదు. నా మీద వాళ్ళకు ఇంకా అంత నమ్మకం ఉంది.

"తెల్వక తీసిండు. నేను జెప్పలే. తియ్‌మని ఒర్లింది గూడ నేనే," అన్నాను.

ఆమె ఏడవలేదు. "గీ మాట వాళ్ళ ముంగట జెప్పు. జెప్పినంక మా గడప తొక్కకు."

మర్నాడు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ముందు అవే మూడు పెన్నులు పెట్టాను. ఎడమచేత్తో సంతకం చేసి చూపించాను.

కేసు నడుస్తోంది. లైసెన్సు పోయింది. నా భార్య అన్నం పెడుతుంది, మాట్లాడదు. ఉన్న పదకొండు మందీ వేరే కాంట్రాక్టర్ దగ్గర చేరారు, రెండు రోజులు శిక్షణలో కూర్చున్నారు. నేను చెప్పిన మాట వాళ్ళు మరిచిపోవడానికి ఆ రెండు రోజులు సరిపోయాయో లేదో తెలియదు.

రిపోర్టు మళ్ళీ రాశారు. సంపత్ పేరు ఎదుట మునుపటి వాక్యం కొట్టేసి "శిక్షణ ఇవ్వలేదు" అని పెట్టారు. పన్నెండు మందితో మొదలుపెట్టి నేను సంపాదించింది ఆ రెండు మాటలు.