గోరంత బిళ్ళ

జగన్మోహన్‌కి తన మాటలు చాలవు, ఎదుటివాళ్ళ మాటలు కూడా తనే మాట్లాడేస్తాడు. పెళ్ళయిన కొత్తలో డాక్టరు అతని భార్య అమ్మన్నమ్మని "నొప్పెక్కడ?" అని అడిగితే, "ఎడంపక్కనండి" అని చెప్పింది ఇతనే. శ్రీకాకుళం నుంచి ఆమె అన్న కూర్మయ్య ఫోన్ చేసినా అదే వరస. ఆమె చెయ్యి చాచేలోపే "బాగున్నాది బావా, అంతా బాగే" అని పెట్టేసేవాడు. ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడల సరుకెత్తే వించి నడిపే మనిషి, ఆ రొదలో అరిచి అరిచి అలవాటైపోయిందని అతని సంజాయిషీ.

కిందటేడు అమ్మన్నమ్మకి పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. బుర్ర చెక్కుచెదరలేదు కానీ, ఒంట్లో పనికొచ్చేది ఎడమచెయ్యి ఒక్కటే మిగిలింది. అదీ పెన్ను పట్టదు. ఫోను అద్దం మీద వేలు పెడితే వణుకుకి నాలుగక్షరాలు ఒకేసారి పడేవి. అప్పుడు కూతురు అరుణకుమారి, సాల్ట్ లేక్ ఆఫీసులో పనిచేసే పిల్ల, ఒక కంప్యూటరూ, వైర్లు లేని కీబోర్డూ మౌసూ తెచ్చి మంచం పక్కన అమర్చింది. తనకి తెలుగు చదవడం సరిగా రాదు. అయినా అక్షరమాల ముందు పెట్టుకుని, పోల్చుకుంటూ, మీటమీటకీ తెలుగు అక్షరం అంటించింది. అమ్మన్నమ్మ ఒక్కో అక్షరమే నొక్కి, చివర్లో పెద్ద మీట నొక్కితే, కంప్యూటరు ఆడగొంతుతో పైకి చదువుతుంది.

ఆ గొంతుతో ఆమె అన్న మొదటి మాట: "టీలో పంచదార ఎక్కువ."

జగన్మోహన్ తెల్లబోయాడు. మా ఆవిడకి తీపి ఇష్టమని ఇన్నేళ్ళూ ఊరంతా చెప్పుకొచ్చింది తనే మరి. తరవాత పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచీ ఆ కీబోర్డంటే అతనికి ప్రాణం.

ప్రాణం కాబట్టే విశ్వకర్మ పూజకి దాన్నీ దేవుడి ముందు పెట్టాడు. డాక్‌లో ఆ రోజు కొక్కేలూ గొలుసులూ దగ్గర్నుంచి చిన్న పిన్ను వరకూ అన్నిటికీ బొట్టు పెడతారు. ఇంటికి అన్నం పెట్టే పనిముట్టుకే పూజ చేస్తే, పెళ్ళానికి నోరిచ్చిన పనిముట్టుకి చెయ్యకపోతే ఎలా? గుమ్మం పక్కన దేవుడి అలమర కింద పీట వేసి కీబోర్డూ మౌసూ పెట్టాడు. కంప్యూటరు బరువు, దానికి వెనకాల సవాలక్ష వైర్లు. దాన్ని కదపలేక, దాని వెనక గుచ్చి ఉన్న గోరంత నల్ల బిళ్ళని పీకి, దాని తరఫున ఇది చాలని తమలపాకు మీద పెట్టి, బొట్టు పెట్టి, బంతిపూలు పోశాడు. పూజనాడు పనిముట్టు ముట్టుకోకూడదు. "నీ నోటికి ఇయ్యాల సెలవే" అని భార్యని ఆటపట్టించాడు. మంచం మీంచి అమ్మన్నమ్మ అంతా చూస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్న కీబోర్డూ మౌసూ తుడిచి ఆమె దగ్గర పెట్టాడు. పూలూ ఆకులూ దోసిళ్ళతో తీసి గుడ్డసంచిలో పోసి గుమ్మం గొళ్ళేనికి తగిలించాడు. వీధిలో నిలిపిన విశ్వకర్మ విగ్రహాన్ని గంగలో కలపడానికి వెళ్ళేవాళ్ళు అవి కూడా పట్టుకెళ్తారు. కూతురు ఆఫీసుకి వెళ్ళిపోయింది.

అప్పుడు ఫోనొచ్చింది. కూర్మయ్య కొడుకు సుందర్.

"మావయ్యా, నాన్నకి ఊపిరి అందట్నేదు. ఆస్పత్రోళ్ళు ఇంటికి తీసుకుపొమ్మనీసేరు. అత్తనొక మాట అడగాలంటన్నాడు."

ఫోను అమ్మన్నమ్మ చెవి దగ్గర పెట్టాడు. కూర్మయ్య గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. "అమ్మన్నా... అమ్మ ఇసయంలో నామీద నీకింకా కోపమున్నాదేటి? ఒక్క మాట సెప్పమ్మా."

తల్లి పోయినప్పుడు అమ్మన్నమ్మ హౌరాలో రైలెక్కి బయల్దేరింది. రైలు ఆలస్యమైంది. కూర్మయ్య ఆగలేదు, దహనం కానిచ్చేశాడు. ఆమె వెళ్ళేసరికి బూడిదే మిగిలింది. ఆ సంగతి అన్నాచెల్లెళ్ళిద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

"కోపమేటి బావా! దానికలాంటిదేం నేదు" అన్నాడు జగన్మోహన్ అలవాటుగా.

"నీ మాట నాకెరికే బావా. దాన్ని సెప్పనీ."

అమ్మన్నమ్మ అప్పటికే నొక్కుతోంది. ఒక్కో మీటా వెతుక్కుని, శ్రద్ధగా, చాలాసేపు నొక్కింది. చివర్న పెద్ద మీట నొక్కింది. కంప్యూటరు పలకలేదు. తెర మీద ఒక్క అక్షరం కూడా లేదు.

"మిషను మొరాయిస్తందిరా. మళ్ళీ సెయ్యి. కాసేపట్లో బాగుసేసీస్తాను" అని సుందర్‌తో చెప్పి ఫోను పెట్టేశాడు.

బాగుచేయడమంటే అతనికి తెలిసింది ఇనుము. గోడ గడియారంలో బ్యాటరీలు పీకి కీబోర్డులో వేశాడు. అడుగున ఉన్న బుల్లి స్విచ్చి ఆర్పి వేశాడు. మౌసు కింద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, తెరమీద బాణం మాత్రం కదలదు. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. అరచేత్తో దాని నెత్తిమీద ఒకటి చరిచాడు కూడా, వించికైతే ఆ వైద్యం పనిచేస్తుంది. కూతురికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అక్కడ మనిషి పోతున్నాడు, ఇక్కడ ఈ ప్లాస్టిక్కు ముక్క ముందు తను ఎందుకూ కొరగాడని ఏడుపొచ్చింది.

అమ్మన్నమ్మ గుమ్మంవైపు చూస్తోంది. కళ్ళు అక్కణ్ణించి తిప్పడం లేదు.

"దేవుడికి మొక్కుతున్నావేటి?" అన్నాడు. ఆమె రెండుసార్లు రెప్పలాడించింది. ఒకసారైతే అవును, రెండుసార్లయితే కాదు.

"నీళ్ళా?" కాదు. "బయమేస్తందా?" కాదు. ఇంక అడగడానికి ఓపిక లేక మళ్ళీ కంప్యూటరు మీద పడ్డాడు.

బయట వ్యాను ఆగింది. వీధిలో ఉండే పెద్దిరాజు గుమ్మంలోంచి తల పెట్టాడు. "దాదా, ఠాకూర్ని గంగకి తీసుకెల్తన్నాం. పూలుంటే ఇచ్చీండి."

జగన్మోహన్ గొళ్ళేనికున్న సంచి తీసి ఇచ్చాడు. వెనక అమ్మన్నమ్మ ఎడమచెయ్యి కీబోర్డు మీద దబదబా బాదింది. గొంతులోంచి "ఆ... ఆ..." అని శబ్దం. తొందరపెడుతోంది అనుకున్నాడు.

"సేస్తన్నానే తల్లీ, సేస్తన్నాను! ఒక్క నిమిసం ఆగు."

వ్యాను కదిలిపోయింది. డప్పుల మోత సందు చివరకి వెళ్ళాక అరుణకుమారి ఫోన్ చేసింది. అతను చెప్పిందంతా విని, "బ్యాటరీలు కాదు నాన్నా. వెనకాల రిసీవరు సరిగ్గా ఉందా? ఒకసారి పీకి మళ్ళీ పెట్టు" అంది.

"రిసీవరేటి?"

"గోరంత నల్ల బిళ్ళ. అమ్మ నొక్కింది కంప్యూటరుకి చేరేది దాంతోనే. అది లేకపోతే ఇంకేం చేసినా లాభం లేదు."

చెయ్యి వెనక్కి పెట్టి తడిమాడు. వేలికి ఖాళీ కన్నం తగిలింది. భార్యవైపు చూశాడు. ఆమె ఖాళీ గొళ్ళేనివైపు చూసి, అతనివైపు చూసి, ఒక్కసారి రెప్పవేసింది.

పక్కింటావిడని చూస్తూ ఉండమని అరిచి పరిగెత్తాడు. ఖిదిర్‌పూర్ కూడలి దగ్గర బస్సులూ ఆటోలూ కదలడం లేదు. తోసుకుంటూ ఘాట్‌కి చేరేసరికి పెద్దిరాజు వాళ్ళు తడిబట్టలతో మెట్లెక్కి వస్తున్నారు. నీళ్ళలో మోకాలి దాకా దిగాడు. ఎక్కడ చూసినా పూలూ, గడ్డీ, సంచులే. రెండు సంచులు లాగి విప్పాడు, అవి ఎవరివో. మూడోదానికి చెయ్యి చాస్తుండగా జేబులో ఫోను మోగింది.

"మావయ్యా, అత్త సెప్పిందేటి? నాన్న కళ్ళు తెరిసి సూస్తన్నాడు."

జగన్మోహన్ ఆ నీళ్ళలో నిలబడి, "సెప్పిందిరా. కోపం నేదంది. ఎప్పుడూ నేదంది" అన్నాడు.

అవతల కూర్మయ్య ఎగఊపిరితో, "నువ్వే సెప్తన్నావు బావా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, ఆశా లేదు.

జగన్మోహన్ ఇల్లు చేరకముందే కూర్మయ్య పోయాడని కబురొచ్చింది. గుమ్మంలో నిలబడ్డ అతని మొహం చూసి అమ్మన్నమ్మ కళ్ళు మూసుకుంది.

సాయంత్రం కూతురు వైరున్న కీబోర్డు కొనుక్కొచ్చింది. అక్షరాలు అంటిస్తానంటే అమ్మన్నమ్మ ఆగలేదు. ఏ అక్షరం ఎక్కడుందో ఆమె వేలికి తెలుసు. నెమ్మదిగా నొక్కుతూ పోయింది. జగన్మోహన్ గోడకి ఆనుకుని చూస్తున్నాడు. అన్నీ నొక్కి పెద్ద మీట నొక్కింది.

"కోపం ఉండేదన్నా. నువ్వు అడిగావు. పోయింది."

అరుణకుమారి కళ్ళు తుడుచుకుని తండ్రివైపు తిరిగింది. "మామయ్యకి ఏం చెప్పావు నాన్నా?"

జగన్మోహన్ నోరు తెరిచాడు. అమ్మన్నమ్మ పెద్ద మీట ఇంకోసారి నొక్కింది, కంప్యూటరు అదే మాట మళ్ళీ చదివింది.