ఎవరితో తిన్నారు?

ప్యాంటు నిలవడం లేదు. నాలుగు నెలల్లో ముప్పై కిలోలు తగ్గిన మనిషిని చూసి అందరూ భేష్ అంటారు గానీ, రెండు చేతుల్లో ఫైళ్లతో అతను మెట్లెక్కుతుంటే ప్యాంటు ఎవరు పట్టుకోవాలో ఒక్కరూ చెప్పరు. మా వీధి దర్జీ రెండుసార్లు కుట్టు బిగించి మూడోసారి చేతులెత్తేశాడు. ఇంకా బిగిస్తే వెనక జేబులు రెండూ కలిసి ఒకటైపోతాయట. కొత్తవి కుట్టించుకుందామంటే, తొందరపడొద్దు, ఇంకా తగ్గుతారని డైటీషియన్ అంటోంది.

నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్ని. కొట్టు కొట్టుకీ వెళ్లి తక్కెడలు పరీక్షించి, సరిగ్గా ఉంటే ముద్ర, లేకపోతే జరిమానా వేస్తాను. నూట ముప్పై ఎనిమిది కిలోల మనిషి యాభై గ్రాముల తేడాకి కేసు రాస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. బజారులో నా పేరు మణుగు సారు. ఒకరోజు ఆయాసంతో ఒక కొట్లోనే కూలబడ్డాను. ఆ తర్వాత డాక్టరు నా పొట్టలో ముప్పాతిక భాగం కోసేసి, అరటిపండంత గొట్టం మిగిల్చాడు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. నా శని కాస్త కిందికి దిగింది, అంతే తేడా.

డైటీషియన్ మా అమ్మాయి వయసు పిల్ల. ముందు గుడ్డో చేపో తినాలి, తర్వాతే మిగతావి. ముద్దని ముప్పైసార్లు నమలాలి. భోజనానికి అరగంట ముందూ అరగంట తర్వాతా నీళ్లు ముట్టకూడదు. ఇవన్నీ చెప్పి ఒక నోటుపుస్తకం ఇచ్చింది. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎన్ని నిమిషాలు, ఎవరితో, తర్వాత ఒంట్లో ఎలా ఉంది అని అడ్డంగా గళ్లు. ఎవరితో తింటే మీకెందుకమ్మా అని అడిగాను. ఒంటరిగా తినేవాళ్లు గుటుక్కున మింగేస్తారంది.

అక్కడే వచ్చింది చిక్కు.

మా ఆవిడ పోస్టాఫీసులో పార్శిళ్ల కౌంటర్లో పని చేస్తుంది. ఇరవై నాలుగేళ్లుగా రాత్రి భోజనం మాకు గంటసేపు పట్టేది. ఆవిడ ఎదురుగా కూర్చుని, లోకంలో ఎవరు ఎవరికి ఏం పంపుతున్నారో చెబుతూ, మధ్యలో నా కంచంలోకి గరిటె వంచేది. నేను వద్దనేవాణ్ణి కాను. వద్దంటే కథ ఆగిపోతుందేమోనని భయం. ఈ ముప్పై కిలోల్లో సగం కూరవైతే సగం కథలవి.

ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నా చిన్న గిన్నె బల్ల మీద పెట్టి, పనుందని చెప్పి వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. లోపల గట్టు దగ్గర నిలబడే తింటుంది. చెంచా చప్పుడు నాకు వినబడుతూనే ఉంటుంది. ఒక ఉడికించిన గుడ్డు వైపు మనిషి ఎంతసేపని చూస్తాడు? నాలుగు నిమిషాల్లో మింగేస్తాను. అది గుండెల కింద రాయిలా కూర్చుని, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది.

మొదటి రోజు 'ఒక్కడినే, నాలుగు నిమిషాలు' అని నిజమే రాశాను. రాసింది ఒకసారి చదువుకున్నాను. ఆ కాగితం చింపి, 'భార్యతో, ఇరవై రెండు నిమిషాలు' అని రాశాను. ఆధారం లేని నమోదు మా శాఖలో చెల్లదు కనక, ఆవిడ ఏం మాట్లాడిందో కూడా పక్కన రాశాను. గొడుగు పార్శిల్ చేయడానికి వచ్చినాయన, బయట వాన మొదలైతే అదే గొడుగు వేసుకుని వెళ్లిపోయాడట. రోజుకో కథ. మూడు నెలలు ఆవిడతో అలాగే భోంచేశాను, కాగితం మీద.

వాంతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. దొరికిపోయింది అక్కడే. ఇంత నిదానంగా నమిలే మనిషికి రోజు విడిచి రోజు వాంతులేమిటని డైటీషియన్‌కి అనుమానం వచ్చింది. ఆంటీని తీసుకురమ్మంది.

మా ఆవిడ సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. పుస్తకం ఆవిడ చేతికిచ్చి, ఈయన నిజంగా ఇంతసేపు తింటారా అని డైటీషియన్ అడిగింది. ఆవిడ పేజీలు తిప్పి చదువుతూ పోయింది. నేను ఎంత తినాలో చూపించడానికి బల్ల మీద పెట్టిన ప్లాస్టిక్ చేపముక్క వైపు చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి తలెత్తింది.

"ఈ గొడుగాయన ఎవరండీ? మా కౌంటర్‌కి రాలేదే."

డైటీషియన్ నా వైపు చూసింది. "తీపి తిని రాయనివాళ్లని రోజూ చూస్తాను సార్. భోజనానికి రాని భార్యని రాసినవాళ్లని ఇదే చూడ్డం."

తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, ఇకమీదట ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినండి ఆంటీ, మందు కన్నా అదే ముఖ్యం అంది. మా ఆవిడ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు ఇంట్లో వంటెవరు అని అడిగారమ్మా. గదిలో అందరూ నన్నే చూశారు. అప్పట్నుంచీ ఈయన ఎదురుగా కంచం పెట్టుకుంటే, కోసింది నేనే అనిపిస్తుంది."

ఆ రోజు ఆవిడ వైపు చూసినవాళ్లలో నేనూ ఉన్నాను.

బస్సులో ఆవిడ పుస్తకం ఒళ్లోంచి దించలేదు. ఇంటికొచ్చాక ఆఫీసు ఎర్రపెన్ను తీసి పుస్తకం ముందేసుకుంది. తను అననివన్నీ కొట్టేసింది. 'ఈ మాట నేననను', 'ఇది మీ చెల్లెలు అనేది', 'ఇంత వెటకారం నాకు రాదు' అని పక్కన రాసింది. గొడుగాయన్ని మాత్రం కొట్టలేదు.

నాకు ఆశ పుట్టింది. ఆ సాయంత్రం ఎదురు కుర్చీ తుడిచి ఉంచాను. ఆవిడ గిన్నె పెట్టి, కుర్చీ వైపు చూసి, వంటింట్లోకే వెళ్లింది. తలుపు మాత్రం వేయలేదు. వారం నుంచీ ఇదే వరస. అక్కణ్ణుంచే మాట్లాడుతుంది, నాకు మాత్రం కంచం కనబడకుండా అటు తిరిగి తింటుంది. ఆ వీపుకీ నా బల్లకీ మధ్య నాలుగడుగులు. కొలిచాను.

ఉప్పు చాలలేదన్నాను. ఉప్పు డబ్బా తెచ్చి పెట్టి వెళ్లింది. నువ్వు లేకపోతే టైము తెలియడం లేదన్నాను. గోడ గడియారం తీసి నా ముందు పెట్టింది. తప్పు నీది కాదు, వద్దనని నాదే అన్నాను. చెంచా చప్పుడు కాసేపు ఆగింది. మనిషి కదల్లేదు.

అలిగిన మనిషిని భోజనానికి ఎలా పిలవాలో నాకు బాగా తెలుసు. ఇరవై నాలుగేళ్ల అనుభవం. ఆవిడ అలగలేదు, భయపడింది. దానికేం చెయ్యాలో మా శాఖ మాన్యువల్లో లేదు. డైటీషియన్‌ని అడిగితే, ఆ పిల్లకింకా పెళ్లి కాలేదట. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇళ్లల్లో ఇలాంటిది జరిగే ఉంటుంది. ఏమని పిలిస్తే వస్తుంది? నేనే గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లి పక్కన నిలబడితే తప్పా? వెళ్తే కంచం అక్కడ వదిలేసి పెరట్లోకి పోతుందేమోనని నా భయం. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.