ఓంకార్ పేరున్న స్టిక్కర్లు

ఓంకార్ పవర్ కార్డును పరీక్ష రాక్‌లోకి తోశాడు. పీకాడు. మళ్లీ తోశాడు. నాలుగోసారికి రెసిస్టర్ నల్లబడి సన్నగా పొగ వదిలింది. ఎనిమిదింటికి పనిలోకి వచ్చినవాడు పదిన్నరకల్లా ఐదు కార్డులు ఇలాగే తగలబెట్టాడు. షెడ్డులో ఎవరూ తలెత్తి చూడలేదు. అతని గొణుగుడు పందొమ్మిదేళ్లుగా వింటున్నదే.

చూడ్డానికి ఏమంత చెప్పుకోదగ్గ మనిషి కాదు. యాభై నాలుగేళ్లు, వంగిన వీపు, జేబులో టెస్టరు, గోరు లేని కుడి బొటనవేలు. ఎవరినీ నవ్వుతూ పలకరించిన పాపాన పోలేదు. బాగున్నావా అని అడిగితే నీకెందుకనే రకం. వరంగల్ శివారులోని ఆ షెడ్డులో పత్తి మిల్లుల మిషన్లకు పవర్ కార్డులు తయారుచేస్తారు. మిషన్ ఆపకుండానే పాత కార్డు పీకి కొత్తది పెట్టుకోవచ్చు. చివరి పరీక్ష ఓంకార్‌ది. అతను సరేనన్నాకే ‘టెస్టెడ్: ఓంకార్’ అని అచ్చేసిన స్టిక్కర్‌ను మొగిలమ్మ అంటిస్తుంది.

కరెంటు రెప్పపాటు పోయినా కార్డులు ఆరిపోతున్నాయని మిల్లులవాళ్లు గోలపెట్టారు. యజమాని శ్యాంసుందర్ కరెంటు నిలవ ఉంచే కెపాసిటర్‌ను రెండింతలది వేయించాడు. కార్డు ఆరకుండా నిలబడింది. కానీ ఖాళీ కెపాసిటర్ పెద్దదైతే, కార్డు పెట్టిన ప్రతిసారీ అది నిండేలోపు రెసిస్టర్ మీద పడే వేడీ రెండింతలే. రెసిస్టర్ మాత్రం పాత చిన్నదే ఉంచాడు, పెద్ద తెలివిగలవాడు.

మధ్యాహ్నం శ్యాంసుందరే వచ్చాడు. “ఇంకా ఒక్కదానికి స్టిక్కర్ పడలే? నాలుగింటికి లారీ వస్తది.”

“రెసిస్టర్ మార్చాలె సార్. కాలిపోతాంది.”

“పొద్దున నేనే పెట్టి చూసిన. మంచిగనే ఉంది.”

“మీరు ఒక్కసారి పెట్టిండ్రు. మిల్లుల కార్డు మీది లైటు రాకపోతే పీకి పీకి పెడ్తరు.”

“జర ఆగి పెట్టుమని కాయితం రాసి పంపుత.”

“మిషన్ ఆగితే పనోడు తిట్లు తింటడా, మీ కాయితం సదువుతడా?”

ఇక్కడికి రాకముందు తొర్రూరు మిల్లులో ఓంకార్ ఆరేళ్లు చేశాడు. ఒకరోజు మిషన్ ఆగింది. వెనక సూపర్‌వైజర్ అరుస్తుంటే కంగారులో కార్డును నాలుగుసార్లు తోశాడు. ఐదోసారి అది చేతిలోనే అంటుకుంది, ఆ నిప్పు పత్తి దుమ్మును పట్టుకుంది. ఓంకార్ ఒక గోరు పోగొట్టుకుని బయటపడ్డాడు. పక్కన నిలబడ్డ తోటి పనివాడు కట్టయ్య బయటపడలేదు. ఇదంతా ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. జాలి చూపించేవాళ్లంటే అతనికి ఒళ్లుమంట.

“నీ సదువెంత, నాకు చెప్పుడేంది?” శ్యాంసుందర్ గొంతు లేచింది. “స్టిక్కర్లు ఏపిస్తవా, ఇంటికి పోతవా?”

“పోత. నా పేరు ఏసి మాత్రం పంపకుండ్రి.”

“ఆ పేరు అచ్చేపిచ్చింది నేను.”

ఓంకార్ లేచి మొగిలమ్మ దగ్గర ఆగాడు. “ఆ స్టిక్కర్లు నాకియ్యి చెల్లె.” ఇన్నేళ్లలో ఆమెను చెల్లె అనడం అదే మొదలు.

ఆమె యజమాని వైపు చూసింది. “నన్ను ఆగం జెయ్యకే అన్నా,” అంది.

ఓంకార్ చెప్పులు తొడుక్కుని ఎండలోకి నడిచాడు. గేటు దాకా వెళ్లి ఒక్కసారి నిలబడ్డాడు. పిలుస్తారేమోనన్న ఆశ ఎంత తిట్టుకున్నా పోలేదు. ఎవరూ పిలవలేదు.

నాలుగింటికి లారీ హారన్ కొట్టింది. స్టిక్కర్లు పడ్డ రెండొందల కార్డులూ ఎక్కాయి. బల్ల మీద సగం వాడిన స్టిక్కర్ల చుట్ట మిగిలింది. విడిపోయిన కొస ఫ్యాను గాలికి లేచి పడుతోంది. దాని మీద వరసగా ఓంకార్, ఓంకార్, ఓంకార్.