పళ్ళెం చూశాకే సూది

ఆ పొద్దున నాన్న అమ్మను తిండి సంగతి అడిగే సూది వేశాడా, అడగకుండానే వేసేశాడా? ఈ ఒక్క అనుమానం ఆ కూతురి గుండెలో ముల్లులా దిగి ఏళ్ళు గడిచిపోయాయి. దేవుడి ముందు చేతులు జోడించి కళ్ళు మూసుకున్నా మొదట ఎదురయ్యేది అదే.

అమ్మకు షుగరు ఉందని తెలిసిన రోజే నాన్న ఇంట్లో చక్కెర పలుకన్నది లేకుండా చేశాడు. డబ్బా కూడా కడిగి బోర్లించాడు. "కంటికి కనబడితే నీ నోరు ఊరుకోదే" అని అమ్మను ఆటపట్టించేవాడు. రోజూ ఇన్సులిన్ సూది తనే వేసి, ఆ తర్వాతే పనికి బయల్దేరేవాడు. కూతురు అప్పుడు నర్సు చదువు కోసం హాస్టల్లో ఉండేది. ఓ రోజు కబురొచ్చింది. అమ్మ షుగరు పడిపోయి, ఒళ్ళంతా చెమటలు పట్టి, ఒరిగిపోయిందట. వంటింట్లో ఎంత వెతికినా తీపన్నది దొరకలేదట. పక్కింటి పిన్ని తన ఇంటికి పరుగెత్తి గిన్నెడు చక్కెర తెచ్చేసరికి అమ్మ దవడలు బిగుసుకుపోయాయట. ఆస్పత్రికి చేర్చినా అమ్మ దక్కలేదు.

"కడుపులో ఏమీ లేకుండా సూది పడింది" అన్నాడు డాక్టరు.

"పళ్ళెం పెట్టుకున్నావా అని అడిగానమ్మా. పెట్టుకున్నానంది. అప్పుడే వేశాను" అన్నాడు నాన్న.

"అడిగి వేస్తే ఇలా ఎందుకవుతుంది నాన్నా?" అందామె.

ఆ మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. కానీ ఆ తర్వాత ప్రార్థనకు కూర్చున్నప్పుడు నాన్న పెదవులు కదిలేవి కావు. కన్నకూతురే నమ్మని మాటను దేవుడికి మాత్రం ఎలా విన్నవించుకుంటాడు? అలా మౌనంగానే కన్నుమూశాడు. పక్కింటి పిన్ని అంతకు ముందే ఎటో ఇల్లు మారింది. అంచు దగ్గర సొట్టపడ్డ ఆమె చక్కెర గిన్నె వీళ్ళింట్లోనే ఉండిపోయింది.

నర్సయ్యాక ఆమె ఏ రోగినీ "తిన్నారా?" అని అడిగి ఊరుకోలేదు. పళ్ళెం ముందుకు రావాలి, తన కళ్ళెదుట నాలుగు ముద్దలు లోపలికి దిగాలి, అప్పుడే సూది. వార్డంతా ఆమెకు 'పళ్ళెం సిస్టర్' అని పేరు పెట్టేసింది.

"పళ్ళెం సిస్టర్ వస్తోంది, మెతుకు మిగిల్చారో మీ పని అయిపోయినట్టే!" అని తోటి నర్సు ఆ పూట కూడా అందరినీ నవ్వించింది.

కిటికీ పక్క మంచం మీద కాలి పుండుతో చేరిన ముసలమ్మ మాత్రం నవ్వలేదు. ముందురోజు పొద్దున పళ్ళెం పెట్టింది పళ్ళెం సిస్టరే అయినా, సూది వేసింది తోటి నర్సు; కాసేపటికే ముసలమ్మ షుగరు ఉన్నట్టుండి పడిపోయింది. పళ్ళెం చూస్తే ఖాళీ. వేసిన మోతాదు సరైనదే. మరెందుకు పడిందో డాక్టరుకీ అంతుపట్టలేదు.

ఈసారి నర్సులిద్దరూ సీసా మీద చీటీ చదివి, సిరంజిలో గీత దాకా మందు లాగి, ఒకరిది ఒకరు సరిచూసుకున్నారు. పేరు చెప్పమంటే ముసలమ్మ గొణిగినట్టు చెప్పింది. పళ్ళెం సిస్టర్‌కు ఆ పేరు కొత్తే. సూది నిన్నటి చోట కాకుండా మరో పక్కన వేద్దామని పొట్ట మీద చోటు చూసుకుంటూ పళ్ళెం వైపు తిరిగింది. అప్పుడే ఖాళీ అయింది. నోట్లో పళ్ళు నాలుగైనా లేని మనిషి ఇంత తొందరగా ఎలా తినగలిగింది?

నర్సు సిరంజిని ట్రేలో పెట్టేసింది. తలగడ ఎత్తి చూసింది. తువ్వాలులో తిండంతా మూటగట్టి ఉంది.

"ఏంటమ్మా ఇది? ఇది తినకుండా సూది వేయించుకుంటే ప్రాణం మీదకొస్తుందని తెలీదా? నిన్న పడిపోయింది ఇందుకేగా?"

"నువ్వు పళ్ళెం తెచ్చి పెడుతుంటే ముద్ద దిగట్లేదే తల్లీ" అంది ముసలమ్మ. "నువ్వలా వంగి చూస్తుంటే అచ్చం మీ అమ్మే."

నర్సు ఆ మొహంలోకి పరీక్షగా చూసింది. చెంపలు లోపలికి పోయాయి. ఒత్తయిన జుట్టు నాలుగు పోగులైంది. చిన్నప్పటినుంచీ పిన్ని అని పిలవడమే కానీ ఆమె పేరేమిటో ఎప్పుడు తెలుసుకుంది కనుక?

"పిన్నీ! నువ్వా?"

"ఆ పొద్దున మా ఆయన నన్ను కొట్టి, వంటింటికి తాళం వేసుకుని పోయాడు. ఆకలితో, ఏడుస్తూ మీ ఇంటికొచ్చాను. మీ నాన్న అప్పుడే సూది వేసి గడప దాటాడు. మీ అమ్మ ముందు పళ్ళెముంది. నా మొహం చూసి దాన్ని నా వైపు జరిపేసింది. 'ముందు నువ్వు తినవే, నాకు మళ్ళీ వండుకుంటాలే' అంది. వండుకోలేదు. నా ఏడుపు వింటూ కూర్చుండిపోయింది. చెమటలు పడుతుంటే ఉక్క అనుకున్నాం ఇద్దరం. తను ఒరిగిపోయాక మా వంటింటి తాళం పగలగొట్టి చక్కెర తెచ్చేసరికే ఆలస్యమైపోయింది. పళ్ళెం కడిగి పెట్టింది కూడా నేనే."

నర్సు మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

"అంటే... నాన్న అడిగే వేశాడన్నమాట."

"అడగకుండా ఏనాడైనా వేశాడా ఆ మహానుభావుడు?"

"ఆయన ఉన్నప్పుడు ఒక్కసారి వచ్చి ఈ మాట చెప్పి ఉండకూడదా పిన్నీ?"

"మీ ఇంటి తిండి తిన్న నోటితో ఏమని చెప్పనే? ఏ మొహం పెట్టుకుని రానే?"

నర్సు గబగబా చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. దేవుడా, ఆ మాట వినాల్సిన మనిషి లేకుండా పోయాక నా చెవిన వేశావేం? ఆయనకు నువ్వైనా చెప్పావా? అడిగింది కానీ, కోపంతో కాదు. చాలా ఏళ్ళ తర్వాత దేవుణ్ణి ఏదో ఒకటి అడగగలిగింది.

మొహం తుడుచుకుని ఇంకో పళ్ళెం తెచ్చింది.

"ఇది మా అమ్మ నీకిచ్చిందే అనుకో. అప్పుడు తిన్నావుగా? ఇప్పుడూ తిను."

పిన్ని కన్నీళ్ళు కలుపుకుంటూ తింది. నాలుగు ముద్దలు దిగాయి. నర్సులిద్దరూ సీసా, మోతాదు, పేరు మళ్ళీ మొదటినుంచీ సరిచూసుకున్నారు. అప్పుడు సూది పడింది.

పుండు మాని పిన్ని ఇంటికి వెళ్ళే రోజున నర్సు సొట్టగిన్నె తీసుకొచ్చింది. అంచుదాకా చక్కెర పోసి, పైన గుడ్డ కట్టింది.

"షుగరు మనిషికి చక్కెరిచ్చి పంపుతున్నావేంటే పిచ్చిదానా?"

"ఇది తినడానికి కాదు, దగ్గర ఉంచుకోవడానికి. చెమటలు పట్టినా, చేతులు వణికినా, ఉక్క అనుకోకు. తెలివిలో ఉన్నప్పుడే నీళ్ళలో కలుపుకుని తాగేయ్. ఇంట్లో ఇది లేకుండా మాత్రం ఉండకు."

పిన్ని సొట్టను వేలితో తడిమి గుర్తుపట్టింది. గుడ్డ ముడి విప్పి చూసి, మళ్ళీ బిగించి, గిన్నెను ఒళ్ళో పెట్టుకుంది.